మంచు కాదు, కాలవ కట్టేశారు

మా ఇల్లు ఊళ్ళో ఉండేది కాదు. ఊరు దాటాక, కాలువ మీద లాకుల పక్కన, ఇరిగేషన్ వాళ్ళు ఏ కాలంలోనో కట్టిన పెంకుల క్వార్టరు మాది. నాన్న అక్కడ లస్కరు. కాలువ గేట్లు ఎత్తడం, దించడం, గండ్లు పడకుండా గట్టు వెంబడి తిరగడం, నీళ్ళు చాలలేదని వచ్చే రైతుల చేత తిట్లు తినడం, ఇదీ ఆయన ఉద్యోగం. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఇంట్లో నాన్నా నేనే. మూడో మనిషి అంటూ ఉంటే అది కాలువే. గేటు కింద నుంచి దాని చప్పుడు ఎప్పుడూ వినపడుతూనే ఉండేది.

నాకు ఆడుకునే తోడు లేదు. బడిలో స్నేహితులు బడి వరకే. లాకుల దాకా పిల్లల్ని పంపడానికి తల్లులు ఒప్పుకునేవారు కాదు, నీళ్ళ భయం. సాయంత్రాలు గేటు మీద కూర్చుని, నీళ్ళలో కొట్టుకొచ్చే గుర్రపుడెక్క మొక్కల్ని చూస్తూ, వాటిలో నాకు నేనే పెళ్ళిళ్ళు చేసి, తగువులు పెట్టి, విడగొట్టేదాన్ని. పిచ్చిపిల్ల అనుకోవడానికి కూడా అక్కడ ఎవరూ లేరు కాబట్టి ఇబ్బంది లేదు.

ఆ రోజుల్లో క్రిస్మస్ ముందు మా చర్చికి విదేశాల నుంచి అట్టపెట్టెలు వచ్చేవి. స్వెట్టర్లు, ఉన్ని టోపీలు, రంగు పెన్సిళ్ళు, ఏవో ఆటబొమ్మలు. గోదావరి జిల్లాలో స్వెట్టరు వేసుకుని ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. కొందరు ఆడవాళ్ళు వాటిని విప్పేసి ఆ ఉన్నితో గుమ్మాలకి తోరణాలు అల్లేవారు. పెట్టెల్లో వచ్చినవి పిల్లలందరికీ చీటీలు తీసి పంచేవారు. తొంభైల మొదట్లో ఒక ఏడాది నాకు పెన్సిళ్ళ డబ్బా వస్తుందని ప్రార్థన కూడా చేసుకున్నాను. వచ్చింది పుస్తకం. పైగా చదవడానికి వీల్లేని పుస్తకం. అక్షరాలు ఇంగ్లీషులాగే ఉన్నాయి గాని, కొన్నిటి నెత్తిన రెండేసి చుక్కలు. పాస్టరు గారికి చూపిస్తే కళ్ళజోడు పైకెత్తి ఒకసారి, కిందకి దించి ఒకసారి చూసి, "ఇది మన భాష కాదమ్మా, ఆళ్ళ భాషా కాదు" అని తేల్చేశారు. ఆ 'వాళ్ళు' ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

ఏడుస్తూ ఇంటికొచ్చాను. నాన్న అరుగు మీద కూర్చుని పుస్తకం అటూ ఇటూ తిప్పాడు. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. "దీనికి చదువెందుకే? బొమ్మలున్నాయిగా" అన్నాడు.

మొదటి పేజీ నిండా ఒక నది. నది మొత్తం తెల్లగా ఉంది. దాని మధ్య ఒక పడవ ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. పడవలో ఎర్రటోపీ పెట్టుకున్న పిల్లాడొకడు గడ్డం కింద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. నాన్న కాసేపు చూశాడు.

"పాపం, కాలవ కట్టేశారే" అన్నాడు.

మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. దాళ్వా, అంటే రెండో పంట, ఇంటికొచ్చాక ఎండాకాలంలో కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. దాన్నే కాలువలు కట్టేయడం అంటారు. పూడిక తీయాలన్నా, గేట్లు బాగు చేయాలన్నా అప్పుడే. నీళ్ళు దిగిపోతే జనం కాలువ అడుగులోంచే అవతలి గట్టుకి నడిచిపోతారు, మిగిలిన మడుగుల్లో చేపలు పడతారు. పడవలుంటే ఎక్కడివక్కడ ఒరిగిపోయి ఉంటాయి. మళ్ళీ నీళ్ళు వదిలేదాకా అంతే. నాన్న చూసిన లోకంలో పడవ ఒరిగిందంటే కారణం అదొక్కటే.

"మరి తెల్లగా ఉందేంటి నాన్నా?"

"మిల్లు బూడిద. పక్కన రైసుమిల్లులున్నట్టున్నాయి. మండపేట అయ్యుంటది. పైనించి రాల్తోంది చూడు."

నిజమే, రాలుతోంది. ఆకాశమంతా తెల్లటి చుక్కలు. మండపేటలో మిల్లు ఊక కాలిన బూడిద డాబాల మీద, ఆరేసిన బట్టల మీద అలాగే పడేది. నాకు ఇంక అనుమానం రాలేదు.

ఆ తర్వాత అన్నీ వాటంతటవే కుదిరిపోయాయి. జనం మందంగా బట్టలు కప్పుకున్నారు, ఎందుకంటే ఊరంతా చలిజ్వరం. చక్రాల్లేని బండి మీద ఒకావిడని లాక్కెళుతున్నారు, అది దమ్ము చేసిన చేలో తోలే చెక్క. బురద కదా, బండి దిగబడుతుంది, అందుకని. చూరు నుంచి తెల్లగా పొడుగ్గా వేలాడుతున్నవి చర్చికోసం పోతపోసి ఆరబెట్టిన కొవ్వొత్తులు. అందరి నోళ్ళ ముందూ పొగ, చుట్టలు కాలుస్తున్నారు.

"ఆ అబ్బాయి నోట్లోంచి కూడా వస్తోంది."

"వాళ్ళ నాన్న చూళ్ళేదులే, నువ్వు చెప్పకు" అన్నాడు నాన్న.

ఆయన నన్ను నవ్వించడానికి అనేవి కొన్ని ఉన్నాయి. కాని చాలావరకు ఆయనకి నిజంగానే అలా కనపడింది. మంచు అంటే ఆయన ఎరిగింది చలికాలం తెల్లవారుజామున గడ్డి మీద ఉండేదే. నది గడ్డకట్టి దాని మీద మనుషులు తిరుగుతారంటే, చెప్పినవాణ్ణి ఎగాదిగా చూసి ఉండేవాడు.

పేజీలు అవే గాని కథ ఏడాదికేడాది పెరిగింది. ఆ పిల్లాడికి అవతలి ఊళ్ళో మేనత్త ఉండేది. తర్వాత ఆ మేనత్తకి ఒక గేదె వచ్చింది. పడవ పక్కన కూర్చున్న నక్క, ఒక ఏడు దొంగ, మరుసటి ఏడు దెబ్బ తిన్న ముసలిది. రైతులతో గొడవైన రోజు ఆ కథలోకి రైతులు కూడా వచ్చి తిట్లు తినేవారు. నాన్నకి ఆ రోజు మనసు ఎలా ఉందో నాకు కథని బట్టే తెలిసేది. మామూలుగా ఆయన మాటల మనిషి కాదు. రోజంతా 'అన్నం తిన్నావా', 'గేటెక్కకు', ఇంతే. పుస్తకం తెరిస్తే మాత్రం గొంతు మారిపోయేది, లావుగా, నిదానంగా, ఎవరో పెద్దాయన కచేరీలో కూర్చుని చెబుతున్నట్టు.

ఏడో తరగతిలో సోషల్ మాస్టారు చలిదేశాల పాఠం చెప్పారు. నదులు గడ్డకడతాయి, ఇళ్ళ చూరులకి మంచు వేలాడుతుంది, మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తుంది. బడి నుంచి పరుగెత్తుకొచ్చి పుస్తకం తీసి చూశాను. అన్నీ తెలిసిపోయాయి. నాన్నకి చెప్పలేదు. చెబితే ఆయన సిగ్గుపడి మళ్ళీ పుస్తకం ముట్టుకోడని భయం వేసింది. ఆ సాయంత్రం కూడా "బూడిద ఇంకా పడతానే ఉంది చూడు" అని ఆయన అంటే, "అవును నాన్నా, ఎక్కువైంది" అన్నాను.

నేను డిగ్రీలో ఉండగా నాన్న పోయాడు. గుండె. గట్టు మీద సైకిల్ దిగి కూర్చున్నాడట, అంతే. కొత్త లస్కరు వస్తున్నాడు, క్వార్టరు ఖాళీ చేయమన్నారు. ట్రంకుపెట్టె అడుగున పుస్తకం కోసం వెతికితే చెదలు తినేసి, అట్టలు రెండూ, మధ్యలో మట్టీ మిగిలాయి. నాన్న ఫోటో ఒకటుంది. రేషన్ కార్డు కోసం తీయించింది. అందులో ఆయన పోలీసులు పట్టుకొచ్చినవాడిలా ఉంటాడు. గొంతు ఎక్కడా లేదు. టేపులో పట్టించాలని ఎవరికి తోస్తుంది? నా దగ్గర ఆయన గొంతంటూ మిగిలింది ఆ కథలోనే. మనసులో మొదటి పేజీ తెరిచి 'పాపం, కాలవ కట్టేశారే' అనుకుంటే గొంతు వచ్చేది. ఇంకే మాటతో పిలిచినా వచ్చేది కాదు.

రాజమండ్రిలో ఉద్యోగం దొరికింది. ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరెవరో మనుషుల వయసులూ జబ్బులూ ఎక్కించడం. మేడ మీద అద్దె గది, బయట మెట్లు. ఇంటావిడ మంచిదే గాని, నేను ఎదురుపడితే "ఈ ఆదివారం కూడా ఎక్కడికీ వెళ్ళలేదా అమ్మా?" అనేది, దాంతో ఆవిడకి ఎదురుపడటం మానేశాను. పండక్కి చర్చిలో అందరూ కుటుంబాలుగా ఒక వరసలో కూర్చుంటారు. నేను స్తంభం పక్క సీటు చూసుకునేదాన్ని, అక్కడ ఇద్దరికి చోటుండదు కాబట్టి ఒంటరిగా ఉన్నట్టు కనపడదు. గోదావరి గట్టుకి దగ్గరే ఉంటున్నా వెళ్ళి నీళ్ళు చూసేదాన్ని కాదు. గుర్రపుడెక్కకి పెళ్ళి చేసిన పిల్ల ఎటు పోయిందో నాకే తెలియదు. ఏది చూస్తే అది అదే, ఇంకోలా కనపడటం మానేసింది. నాన్న గొంతు కూడా పలచబడుతోంది. నక్క దొంగా, ముసలిదా? మేనత్త గేదె ఈనిందా లేదా? కొన్ని గుర్తు రాక, గుర్తు చేసేవాళ్ళు లేక, ఊరికే కోపం వచ్చేది. ఈ ప్రపంచంలో ఆ కథ తెలిసినవాళ్ళం ఇద్దరమే, అందులో ఒకరు లేరు.

రెండు వేల తర్వాత ఒక ఏడాది, ఆఫీసుకి పోతుంటే గోడ మీద సినిమా పోస్టరు చూసి ఆగిపోయాను. తెల్లటి నది, ఒరిగిన పడవ, ఎర్రటోపీ. కింద పెద్దక్షరాలతో 'తెలుగులో'. వెనక వస్తున్న సైకిలాయన గంట కొట్టి, "రోడ్డు మీద నిలబడిపోయారేంటండీ" అని విసుక్కున్నాడు. అలాంటి పుస్తకం ఒకటి లోకంలో ఇంకెవరి దగ్గరన్నా ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు. అచ్చయిన పుస్తకం ఒక్కటే ఉండదని తెలియని మనిషినా? కాని తోచలేదు. నా ఇంట్లో వస్తువు ఎవరో సంతలో పెట్టి అమ్ముతున్నట్టనిపించింది.

వెళ్ళకూడదనుకున్నాను. నా భయం ఒకటే. తెర మీద ఆ పిల్లాడికి గొంతు ఉంటుంది, కథ చెప్పే మనిషికి గొంతు ఉంటుంది. మద్రాసులోనో హైదరాబాదులోనో డబ్బింగు థియేటర్లో కూర్చుని ఎవరో చెప్పిన మాటలు నాన్న మాటల మీద పడితే ఏది మిగులుతుంది? అసలే పలచబడింది. కాని రోజూ రెండు పూటలా ఆ పోస్టరు ముందు నుంచే నడవాలి. పిల్లల సినిమా, వారం మించి ఆడదు. శుక్రవారం కొత్తది వేస్తారు. గురువారం సగం పూట సెలవు పెట్టి మ్యాట్నీకి పోయాను.

"ఒక్కటేనా అండి?" అన్నాడు బుకింగులో అతను. ఒక్కటే అన్నాను.

హాలు దాదాపు ఖాళీ. అయినా ఉన్న జనమంతా ఫ్యానుల కిందే గుంపుగా కూర్చున్నారు, మధ్యాహ్నం ఉక్క అలాంటిది. నేనూ వెళ్ళి ఫ్యాను కిందే కూర్చున్నాను. పక్కన ఒక మామ్మ గారు, ఆవిడ మనవరాలు. పిల్లకి ఆరేడేళ్ళుంటాయి. కాళ్ళు నేలకి అందక ఊపుతోంది.

సినిమా మొదలైంది. నది కదిలింది. పుస్తకంలో ఎన్నేళ్ళుగానో గడ్డం కింద చేతులు పెట్టుకుని కూర్చున్న పిల్లాడు తల తిప్పి చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది. అంతలోనే ఒక ఆడగొంతు, తీయగా, బడిలో పద్యం అప్పజెప్పినట్టు, "ఆ ఏడాది మంచు ముందుగానే కురిసింది" అంది. నాకు ఒళ్ళు మండింది. మంచట. చలిట. వాళ్ళమ్మ అవతలి ఒడ్డున జబ్బుతో ఉందట, మంచు ఇంకా గట్టిపడక నడవడానికి లేదట, నది కరిగేదాకా పడవ కదలదట. మేనత్త లేదు, గేదె లేదు, చుట్టలు లేవు. అందరి నోళ్ళలోంచీ వస్తున్నది ఉత్త ఆవిరి. సినిమా బాగానే ఉందనుకోండి. బొమ్మలు చక్కగా ఉన్నాయి. నాకే ఎక్కడా చోటు లేదు.

ఇంటర్వెల్లో దీపాలు వెలిగాక కళ్ళు మూసుకుని నాన్నని పిలిచి చూశాను. 'పాపం, కాలవ కట్టేశారే.' మాటలొచ్చాయి. గొంతు రాలేదు. వచ్చింది ఆ తీయటి ఆడగొంతే. మళ్ళీ పిలిచాను. మళ్ళీ అదే. ఎందుకొచ్చాను, ఉన్న ఒక్క ముక్కా చేతులారా పోగొట్టుకున్నాను అని ఏడుపు ముంచుకొచ్చింది. లేచి పోదామనుకుంటే మామ్మ గారు కాళ్ళు చాపుకుని దారికడ్డంగా ఉన్నారు.

"ఒక్కదానివే వచ్చావామ్మా?" అన్నారు నా ముఖం చూసి.

"అవునండి."

"మంచి పని చేశావ్. నాతో వచ్చింది చూడు, కూర్చోనివ్వదు, లేవనివ్వదు" అన్నారు. ఆవిడ కాళ్ళు తీసుకునేలోపు దీపాలు ఆరిపోయాయి.

కాసేపటికి సౌండ్ పోయింది. బొమ్మ నడుస్తోంది, మాట లేదు. ముందు వరసల్లోంచి ఎవరో "సౌండూ!" అని కేకేశాడు, ఇంకెవరో ఈల వేశాడు. గేటు మనిషి ఆపరేటర్‌ని వెతకడానికి తీరిగ్గా బయటికి నడిచాడు. మామూలు రోజైతే హాలు దద్దరిల్లిపోయేది. గురువారం మ్యాట్నీ, అరిచే ఓపిక కూడా ఎవరికీ లేదు.

"ఏమంటున్నాడు మామ్మా?" అంది పిల్ల.

"నాకేం తెల్సే? నోళ్ళాడిస్తున్నారు."

"చెప్పూ!"

తెర మీద తెల్లటి నది, ఒరిగిన పడవ. మాట లేని బొమ్మ. నేను చదవడం నేర్చుకున్నది అలాంటి వాటినే. నా ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుంది.

"పడవ కదల్లేదని చూస్తున్నాడమ్మా. కాలవ కట్టేశారు కదా."

పిల్ల నా వైపు తిరిగింది. "మంచు కదా ఆంటీ?"

"అని వాళ్ళంటున్నారు. అది మిల్లు బూడిద."

మామ్మ గారు ముందుకి వంగారు. "అద్గదీ! ఇందాకట్నించీ నేనూ అదే అనుకుంటున్నానమ్మా. ఆ పడవ ఒరిగిన తీరు చూస్తే కాలవ కట్టేసినట్టే ఉంది. మావూరి దగ్గర ఇంతే."

ఆవిడ ఆ మాట ఎంత మామూలుగా అన్నారంటే, నాకు ఆవిడ చేతులు పట్టుకోవాలనిపించింది. నాన్నకొక్కడికే అలా కనపడలేదు. ఇంకో మనిషికి, ఏమీ చెప్పకుండానే, అలాగే కనపడింది. ఇంక నేను ఆగలేదు. చలిజ్వరం, దమ్ము చెక్క, కొవ్వొత్తులు అన్నీ చెప్పాను. ఆ పిల్లాడు చుట్ట కాలుస్తున్నాడంటే పిల్ల నోటి మీద చెయ్యి పెట్టుకుని కిలకిల నవ్వింది. మరిచిపోయాననుకున్నవి కూడా వచ్చాయి. గేదె ఈనింది, పెయ్యదూడ. నేను చెబుతున్న గొంతు లావుగా లేదు, నిదానంగానూ లేదు. నాన్నది కాదు, నాదే. అందుకు బాధ వేసింది, బాధగానే చెప్పుకుపోయాను.

ఇంతలో తెర మీదకి పుస్తకంలో లేని బొమ్మ వచ్చింది. సినిమావాళ్ళు కలిపింది కాబోలు. అవతలి ఒడ్డు నుంచి, ఆ తెల్లటిదాని మీద, ఒక ఆడమనిషి ఒక్కతే నడిచి వస్తోంది. పడవ వైపే వస్తోంది.

"ఆవిడెవరు ఆంటీ?"

నాన్న కథలో ఆవిడ లేదు. ఆ పేజీకి నాన్న ఏమీ చెప్పలేదు. మనసులో ఎంత తడుముకున్నా ఖాళీ. పిల్ల నా ముఖం కేసే చూస్తోంది. ఆ నడక చూస్తూ ఉన్నాను. చాలా ఏళ్ళ తర్వాత ఒకటి నాకు ఇంకోలా కనపడింది.

"లస్కరు గారమ్మాయి" అన్నాను. "లాకుల దగ్గర ఉంటుంది. కాలవలోకి నీళ్ళు వదిలేముందు, అడుగున ఉన్నవాళ్ళందరికీ గట్టెక్కమని చెప్పాలి కదా. లేకపోతే కొట్టుకుపోతారు. ఆ అబ్బాయికి చెప్పడానికొస్తోంది. వాళ్ళ నాన్న పంపించాడు."

"అంతే మరి, ముందు చెప్పాలి" అన్నారు మామ్మ గారు.

పిల్ల ఒప్పుకోలేదు. "వాళ్ళ నాన్నే రావచ్చుగా? ఆవిడొక్కతే అంత దూరం ఎందుకు రావాలి?"

మామ్మ గారు కూడా జవాబు కోసం నా వైపు చూశారు.

"రాకూడదమ్మా. ఆయన గేటు దగ్గర ఉండాలి" అన్నాను. "ఆయన అక్కడ లేకపోతే నీళ్ళెవరు వదులుతారు?"

పిల్లకి ఆ సమాధానం సరిపోయింది. తల ఊపి తెర వైపు తిరిగింది. సౌండ్ వచ్చింది. ఆ పిల్లాడు పడవలోంచి లేచి 'అమ్మా' అని అరుస్తున్నాడు. పిల్ల నన్ను చేత్తో పొడిచి, "వాడికి తెలీదు ఆంటీ" అంది.